గేజికి మొహమాటం లేదు

పెదనాన్న పోయారని ఫోను వచ్చేసరికి నేను రాజమండ్రిలో స్కానింగ్ గది బయట బల్ల మీద కూర్చున్నాను. చెవులవీ మెడలోదీ తీసి పర్సులో వేసేశాను. ఇంకో ఇద్దరి తరవాత నా వంతు. అమ్మ ఏడుస్తూ, "కాఫీ తాగారే, గ్లాసు కింద పెట్టారే, అంతేనే" అంది. "వచ్చెయ్యవే" అంది. "వస్తానమ్మా" అన్నాను. అన్నాను గానీ లేవలేదు.

ముప్పావుగంట ఆ మిషన్లో కదలకుండా పడుకుని, ఆ తరవాతే బస్సెక్కాను. ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమైంది. అరుగు మీద కూర్చున్న చుట్టపాయన ఒకరు, నాకు వినపడాలనే, "కూతురికన్నా ఎక్కువగా చూసుకున్నాడండి దీన్ని. ఆయన పోయాడంటే స్కానింగు చేయించుకుని తీరిగ్గా వచ్చింది" అన్నారు. నాకు ఎడమ చెవి సరిగ్గా వినపడదు. ఆయన కుడివైపు కూర్చున్నారు, నా ఖర్మ.

ఆయనకి సమాధానం చెప్పడానికే ఇది రాస్తున్నానని అనుకోకండి. కొంత అందుకే. మిగతాదంతా మా పెదనాన్న గురించి గొప్పలు చెప్పుకోవడానికి.

ఆయన మా నాన్నకి అన్నగారు. పెద్దమ్మ నేను పుట్టకముందే పోయింది, పిల్లల్లేరు. రావులపాలెం దగ్గర మా ఊళ్ళో మా ఇంటి పక్క వాటాలోనే ఉండేవారు, భోజనం మా ఇంట్లో. కాలువ మీద లస్కరుగా చేసి రిటైరయ్యారు. కాలువ కింద వ్యవసాయం లేనివాళ్ళకి లస్కరంటే తెలియకపోవచ్చు. లాకుల దగ్గర తలుపులు ఎత్తడం, దించడం, గుర్రపుడెక్క పేరుకుంటే తీయించడం, గట్టు ఎక్కడ కోసుకుపోతోందో చూసుకోవడం ఆయన పని. అన్నిటికన్నా ముఖ్యం, రోజుకి మూడుసార్లు గేజి చూసి నీటిమట్టం రాయడం. గేజంటే పెద్ద యంత్రమేమీ కాదు, కాలువ గోడకి నిలువుగా బిగించిన తెల్లపలక. దాని మీద అడుగులూ అంగుళాలూ నల్లగా వేసి ఉంటాయి. ఆ అంకె పై ఆఫీసుకి వెళుతుంది. కాలువ చివరన ఉండే శివారు చేలకి నీళ్ళు అందుతాయా లేదా అన్నది ఆ అంకెని బట్టే ఉంటుంది. పెదనాన్న దాన్ని లెవెల్ అనేవారు.

ఆయనకి "కాస్త", "సుమారు", "ఏదోలెండి" అనే మాటలంటే పడేది కాదు. ఎన్ని ఇడ్లీలు తిన్నావే అని అడిగితే రెండో, రెండున్నరో చెప్పాలి. "తిన్నాన్లెండి" అంటే ఊరుకునేవారు కాదు. వానొచ్చిందా అంటే ఎన్నింటికి మొదలైందో ఎన్నింటికి తెరిపిచ్చిందో చెప్పాలి. ఓసారి మా వీధిలో పెళ్ళి భోజనాలు. పులుసులో ఉప్పు లేదు. బంతిలో ఉన్న అరవైమందీ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, పెళ్ళివారు వచ్చి అడిగితే "అద్భుతం అండి, అద్భుతం" అంటున్నారు. పెదనాన్న చెయ్యి కడుక్కుని వెనక్కి వెళ్ళి, వంటాయన భుజం మీద చెయ్యి వేసి, "ఏమీ అనుకోకండి, పులుసులో ఉప్పు పడలేదండి. రెండో బంతికి వేసెయ్యండి" అని చెప్పి వచ్చేశారు. ఆ తరవాత ఆ వంటాయన మా ఊళ్ళో ఏ పెళ్ళికి వచ్చినా ముందుగా ఓ గిన్నెలో పులుసు పోసి పెదనాన్నకి పంపేవాడు. మా అమ్మకి మాత్రం తల కొట్టేసినట్టుండేది. "ఎవరూ అననిది మీకెందుకండీ బావగారూ" అనేది. "ఎవరూ అనలేదనే అన్నానమ్మా" అనేవారు ఈయన.

మా వైపు మర్యాద ఎక్కువని అందరూ మెచ్చుకుంటారు. నిజమే, ఎక్కువే. కుక్కని కూడా "అవతలికి వెళ్ళండి" అంటామని మమ్మల్ని వెక్కిరిస్తారు. ఆ మర్యాద ఒకసారి నా ప్రాణం మీదికి తెచ్చింది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నాలుగో తరగతి. పొద్దున్న లేవగానే తలనొప్పి, పళ్ళు తోముకుంటూ వాంతి. రెండు వారాలు పైత్యం అనుకున్నారు. తరవాత మెడ బిగుసుకుపోయింది, నడిస్తే తూలుతున్నాను, గోడ గడియారానికి ముళ్ళు నాలుగు కనపడుతున్నాయి. రాజమండ్రి తీసుకెళ్ళారు. స్కాన్ తీశారు, వెన్నులోంచి నీళ్ళు తీశారు. మెదడు చుట్టూ ఉండే పల్చటి పొర స్కానులో తెల్లగా మెరిసింది. డాక్టరుగారు మెదడు పొరకి టీబీ అన్నారు. ఆయన తప్పేమీ లేదని ముందే చెబుతున్నాను. మన దగ్గర చిన్నపిల్లకి ఈ లక్షణాలన్నీ ఉండి ఆ పొర అలా మెరిసిందంటే ఎవరైనా ముందు దాన్నే అనుమానిస్తారు. అనుమానించి వెంటనే మందు మొదలుపెట్టకపోతేనే తప్పు.

మందులు మొదలయ్యాయి. ఆ బిళ్ళలకి మూత్రం ఎర్రగా వస్తే చచ్చిపోతున్నాననుకుని బాత్రూంలోంచి కేకలు పెట్టాను. వాపు తగ్గడానికి ఇంకో మందు కూడా ఇచ్చారు, స్టెరాయిడ్. అది వేసుకున్న నాలుగు రోజులకే తలనొప్పి పోయింది. ఆకలి వేసింది. ఇంట్లో పండగే. నెల తిరిగేసరికి నా మొహం పూరీలా పొంగింది. చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ, "పిల్ల ఒళ్ళు చేసిందండీ, ఇంక తగ్గినట్టే" అని బుగ్గలు పుణికి వెళ్ళారు. అమ్మ దిష్టి తీసింది.

తగ్గలేదు. ఆ వాపు మందు మెల్లగా తగ్గించుకుంటూ రమ్మన్నారు. తగ్గించిన పది రోజులకి మళ్ళీ తలనొప్పి, వాంతి. అయితే ఆసుపత్రికి వెళ్ళేరోజు ఎలాగో లేచి జడ వేయించుకుని వెళ్ళేదాన్ని. డాక్టరుగారు, "ఎలా ఉందమ్మా?" అని అడిగేవారు. అమ్మ లేచి నిలబడి, "మీ దయవల్ల బాగానే ఉందండి" అనేది. నాన్న, "పర్లేదండి, చాలా నయమండి" అనేవారు. నాన్న రావులపాలెం అరటి మార్కెట్లో గుమస్తా. రోజంతా ఎవరినీ నొప్పించకుండా మాట్లాడడమే ఆయన ఉద్యోగం. నేను కూడా, "బాగుందండి" అనేదాన్ని. అంత పెద్దాయన అంత శ్రద్ధగా వైద్యం చేస్తుంటే తగ్గలేదని మొహం మీద ఎలా చెబుతాం? ఆయన్ని తప్పుపట్టినట్టు ఉండదూ? ఇదీ మా ఇంట్లో అందరి బాధ. పిల్ల వాంతులు చేసుకోవడం ఒక బాధైతే, ఆ సంగతి డాక్టరుగారికి చెప్పాల్సి రావడం ఇంకో బాధ.

ఈలోగా పెదనాన్న తన పని తాను చేసుకుపోతున్నారు. నాకు జబ్బు చేసిన మొదటి వారంలోనే పొడుగాటి రూళ్ళ పుస్తకం ఒకటి కొని, స్కేలు పెట్టి గళ్ళు గీశారు. పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం. జ్వరం ఎంత. వాంతులు ఎన్ని. గోడ పట్టుకోకుండా ఎన్ని అడుగులు వేసింది. గడియారం ముళ్ళు ఎన్ని కనపడ్డాయి. ఏ మందు ఎంత మింగింది. రోజుకి మూడుసార్లు, గేజికి వెళ్ళినట్టే, థర్మామీటరు విదిలించుకుంటూ నా మంచం దగ్గరికి వచ్చేవారు. నాకు చిరాకు. "జ్వరం లేదు పెదనాన్నా, నిన్నా లేదు, మొన్నా లేదు. లేదనే రాసుకోండి" అనేదాన్ని.

"చూడకుండానా?" అనేవారు, నేనేదో దొంగతనం చెయ్యమన్నట్టు.

ఆ విషయంలో ఆయన పట్టుదల నాకు ముందే తెలుసు. ఎండాకాలం కాలువలు కట్టేస్తారు కదా, చుక్క నీరుండదు, అడుగున బురద ఎండి నెర్రెలిస్తుంది. అప్పుడు కూడా సైకిలేసుకుని మూడుపూటలా లాకులకి వెళ్ళి, పలక వంక చూసి, సున్నా రాసి వచ్చేవారు. రిటైరయ్యాక కూడా సొంత పుస్తకంలో రాసుకోవడం మానలేదు. నేను నవ్వితే, "నవ్వకే బుల్లీ. చూడకుండా వదిలేసిన రోజు వేరు, చూసి సున్నా రాసిన రోజు వేరు" అనేవారు. ముసలాయన చాదస్తం అనుకునేదాన్ని. ఆ సున్నాలే నన్ను బతికించాయి.

నాలుగో నెలలో ఓ రోజు పెదనాన్న కూడా మాతో ఆసుపత్రికి బయలుదేరారు. చంకలో పుస్తకం. బస్సులోనే నాన్నకి చెమటలు పట్టాయి. "డాక్టరుగారి ముందు పుస్తకాలు తియ్యడమేంటన్నయ్యా? ఆయనేమనుకుంటారు? మనకేం తెలుసని?" అన్నారు.

"మనకేం తెలీదురా. తెలీదు కాబట్టే రాశాను. ముప్పై మూడేళ్ళలో లెవెల్ చూపించినందుకు ఏ ఇంజనీరుగారూ నన్ను తిట్టలేదు. దాచినందుకు తిట్టారు."

గదిలోకి వెళ్ళాం. మామూలుగానే, "ఎలా ఉందమ్మా?" అమ్మ లేచింది. "మీ దయవల్ల..." అంటోంది. పెదనాన్న కండువా సర్దుకుని నమస్కారం పెట్టారు.

"అయ్యా, నేను కాలువ మీద లస్కరు చేసినవాణ్ణండి. చదువు తక్కువండి. మీ వైద్యం గురించి ఒక్క మాట కూడా అననండి. పిల్ల లెవెల్ రాశానండి. తమరు ఒక్కసారి చూడాలండి."

నాన్న నేల చూపులు చూస్తున్నారు. డాక్టరుగారు ముందు నవ్వారు. పుస్తకం తిరగేశారు. నాలుగైదు పేజీల తరవాత నవ్వు పోయింది. కుర్చీ ముందుకి లాక్కున్నారు. వేలు పెట్టి ఒక్కో గడి కిందకి దిగుతూ చూశారు. బయట జనం ఉన్నారని నర్సు రెండుసార్లు తలుపు తీసి చూసింది, ఆయన తలెత్తలేదు.

"ఇన్నాళ్ళలో ఒక్కపూట కూడా జ్వరం లేదా?"

"లేదండి. మూడుపూటలా చూశానండి."

"ఇక్కడ వాంతులు మళ్ళీ ఎందుకు మొదలయ్యాయి?"

"ఎందుకో నాకు తెలీదండి. వాపుకిచ్చిన ఆ చిన్న బిళ్ళ తగ్గించిన తొమ్మిదో రోజండి. తమరు మళ్ళీ పెంచారు, పోయాయండి. మళ్ళీ తగ్గించారు, పదో రోజుకి వచ్చాయండి. మూడుసార్లు అదే వరసండి. టీబీకిచ్చిన పెద్ద బిళ్ళలు మాత్రం ఒక్కరోజు కూడా మానలేదండి. వాటివల్ల లెవెల్ మారినట్టు నా పుస్తకంలో ఎక్కడా లేదండి."

డాక్టరుగారు పుస్తకం మూశారు. తరవాత మా నాన్న వైపు తిరిగి, "ఇదంతా ముందే ఎందుకు చెప్పలేదండీ నాతో? ప్రతిసారీ బాగుంది బాగుంది అన్నారు" అన్నారు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు అన్నారు.

"మొహమాటమండి" అన్నారు నాన్న.

ఆయన మంచి డాక్టరు. ఆ రోజే మళ్ళీ వెన్నులోంచి నీళ్ళు తీయించారు, ఈసారి ఎక్కువగా. మూడు రోజులయ్యాక, "ఇది టీబీ కాకపోవచ్చు. ఆ పొరలోంచే చిన్న ముక్క తీసి చూడాలి. నేను రాసిస్తాను, వెంటనే హైదరాబాదు వెళ్ళండి" అన్నారు. ఆ పుస్తకం మొత్తం జిరాక్స్ తీయించి తన ఉత్తరానికి జతచేశారు. లస్కరు రాసిన కాగితాలు స్పెషలిస్టుల బల్ల మీదికి వెళ్ళాయి. నాకు ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే ఛాతీ ఉబ్బుతుంది.

హైదరాబాదులో పుర్రెకి చిన్న కిటికీలాంటిది చేసి ముక్క తీశారు. క్యాన్సర్. అది గడ్డ కట్టదట. రేవు మెట్ల మీద నాచు పట్టినట్టు మెదడు పొర మీదా వెన్ను పొర మీదా పల్చగా పరుచుకుంటుందట. పిల్లల్లో బహు అరుదుగా వస్తుంది. స్కానులో టీబీలాగే కనపడుతుంది, నీళ్ళు తీసినా ఒక్కోసారి దొరకదు. అందుకే టీబీ మందులు మింగుతూనే కళ్ళు పోగొట్టుకున్న పిల్లలు, ప్రాణాలే పోగొట్టుకున్న పిల్లలు ఉన్నారని అక్కడి పెద్ద డాక్టరమ్మగారు మా నాన్నతో చెప్పారు. నాకు తలలో నీరు పేరుకుని చూపు అప్పటికే సన్నగిల్లుతోంది. ఇంకో నెల అయితే ఏమయ్యేదో ఆవిడ చెప్పలేదు. చెప్పమని మేమూ అడగలేదు.

నీరు దిగడానికి తలలోంచి పొట్టలోకి చర్మం కిందుగా గొట్టం వేశారు. మెళకువ వచ్చి అద్దంలో గుండు చూసుకుని ఏడుస్తుంటే పెదనాన్న మంచం పక్కకి వచ్చి కూర్చున్నారు. "ఎందుకే ఏడుస్తావు? నీ తలలో లాకులు కట్టారు. ఎక్కువైన నీళ్ళు దిగువకి వదిలేస్తాయి. ఇంక నువ్వు కూడా మా డిపార్ట్‌మెంటే" అన్నారు. ఏడుపులోనే నవ్వొచ్చింది. తరవాత ఏడాది పైగా నరానికి ఎక్కించే మందులు. వాటి వల్లే ఎడమ చెవి దెబ్బతింది. ఆ రోజు నించి ఆయన నాకు ఎడమవైపు కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. బస్సులో, బంతిలో, సినిమా హాల్లో, ఎక్కడైనా సరే చుట్టూ తిరిగొచ్చి కుడివైపే కూర్చునేవారు. ఎందుకు మారారని ఎవరైనా అడిగితే ఇటువైపు గాలి బాగుందండి అనేవారు. నేను పుట్టాక ఆయన ఆడిన అబద్ధం నాకు తెలిసి అదొక్కటే.

ఆ ఆసుపత్రిలో నర్సులు నొప్పి ఎంత ఉంది, పదికి ఎంత అని అడిగేవారు. నేను రెండు అనేదాన్ని. ఎనిమిది ఉన్నా రెండే. పాపం వాళ్ళని ఇబ్బంది పెట్టడం ఎందుకని. అప్పుడు చెప్పారు పెదనాన్న తన సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఓ ఏడాది దాళ్వా, అంటే రెండో పంట, వేసే రోజుల్లో కాలువలో నీళ్ళు బాగా తగ్గాయట. పై ఆఫీసులో ఇంజనీరుగారి ఇంట్లో పెళ్ళి. ఈ సమయంలో ఆయనకి తలనొప్పి ఎందుకని, నాలుగు రోజులు పాత లెవెలే రాసి పంపేశారట. పైన అంతా బాగుందనుకున్నారు. శివారులో నారుమళ్ళు మాడిపోయాయి. తెలిసి సైకిలేసుకుని అటు వెళ్ళారు. మడి పోగొట్టుకున్న ఒక ముసలావిడ ఎవరు చేశారో తెలిసి కూడా, "ఎండన పడొచ్చావు బాబూ" అని మజ్జిగ ఇచ్చిందట.

"తిట్టినా బాగుండేదే బుల్లీ. ఆ మజ్జిగ ఇప్పటికీ గొంతులో అడ్డం పడుతుంది. మొహమాటం మనుషులకి ఉండచ్చు, గేజికి ఉండకూడదు. గేజికి మొహమాటం వస్తే ఎక్కడో శివారులో ఎవడిదో మడి మాడిపోతుంది. నిన్నెవరైనా ఎలా ఉన్నావని అడిగితే నువ్వు గేజివి, తెలిసిందా? ఇప్పుడు చెప్పు. ఎంత?"

"ఎనిమిది" అన్నాను.

నర్సుని పిలిచారు. ఇంజెక్షన్ చేశారు. ఆ రోజు ఎన్నాళ్ళకో హాయిగా నిద్రపోయాను.

ఇది జరిగి పద్నాలుగేళ్ళయింది. నా జబ్బు పూర్తిగా పోలేదు. కొన్ని మచ్చలు అలాగే ఉన్నాయి, కదలకుండా పడి ఉన్నాయి. ఏడాదికోసారి స్కాన్. నేను డిగ్రీ చదివాను, బీఈడీ చేశాను, కొవ్వూరులో ఒక స్కూల్లో ఆరు నించి పది వరకు లెక్కలు చెబుతున్నాను. అక్కడే గది తీసుకుని ఉంటూ ఆదివారాలు ఊరికి వెళ్ళేదాన్ని. మొదటి రోజు స్కూలుకి పెదనాన్న నాతో వచ్చారు. హెడ్మాస్టరుగారితో, "మా పిల్ల లెక్కల్లో సుమారు ఉండదండి" అని చెప్పి, ఆయన తెల్లబోయి చూస్తుంటే బస్సెక్కి వెళ్ళిపోయారు. నా వ్యాధి పుస్తకం నా చేతికి ఇచ్చేశారు, ఇంక నువ్వే రాసుకోమని. వారానికి ఒక గీత చాలన్నారు. రాసేదాన్ని.

నిరుడు వానాకాలం నించీ ఆయన ఊపిరితిత్తులు మొరాయించాయి. యౌవనంలో కాల్చిన చుట్టలు. ఇంట్లోనే ఆక్సిజన్ మిషను పెట్టారు. వేలికి పెట్టే క్లిప్పులో అంకె చూసి అమ్మ చెప్పేది, ఆయనకి చూపు ఆనడం లేదు కాబట్టి. అమ్మ రోజూ, "తొంభై అయిదు ఉందండి బావగారూ, దివ్యంగా ఉంది" అనేది. అమ్మ మారలేదు. ప్రేమ అలాంటిది, ఏం చేస్తాం.

పోయే ముందు ఆదివారం వెళ్ళాను. అమ్మ వంటింట్లో ఉంది. ఆయన వేలు నా ముందు పెట్టి, "లెవెల్ ఎంతే?" అన్నారు. చూశాను. ఎనభై నాలుగు. నోటిదాకా తొంభై వచ్చింది. ఆయన కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి, కనపడకపోయినా.

"ఎనభై నాలుగు పెదనాన్నా."

"అమ్మయ్య!" అన్నారు. నిజంగా ఊరట పడ్డారు. "మీ అమ్మ చెప్పే తొంభై అయిదుకి ఇంత ఆయాసం ఎందుకొస్తోందా అని వారం రోజుల్నించీ బుర్ర బద్దలు కొట్టుకుంటున్నానే. రాసుకో." రాశాను. అంకె వంకరగా పడింది. ఆయన కాసేపు ఊపిరి కూడదీసుకుని, "మరి నీది?" అన్నారు.

"బాగానే ఉన్నాను."

"అది లెవెల్ కాదు. మర్యాద."

ఏం చెప్పమంటారు? ఇరవై రోజులుగా పొద్దున్నే తలనొప్పి వస్తోంది. రెండుసార్లు వాంతి అయింది. ఇంట్లో అందరూ ఆయన చుట్టూ తిరుగుతున్నారు, ఈ టైములో నాదొకటా అని ఎవరికీ చెప్పలేదు. పుస్తకంలో మూడు వారాలుగా గీత లేదు. మొత్తం చెప్పేశాను. చెబుతూ ఏడ్చేశాను.

ఆయన కోప్పడలేదు. "నాకు చెప్పి లాభం లేదు. రేపే వెళ్ళి డాక్టరుగారికి చెప్పు" అన్నారు.

"మీకిలా ఉంటే ఎలా వెళ్ళను?"

"నాది తెలిసిపోయిందిగా, ఎనభై నాలుగు. తెలియంది నీదే. మధ్యలో నాకేమైనా ఫోను వచ్చినా సరే, చూపించుకునే రావాలి. నేనెక్కడికీ పోను, నువ్వొచ్చేదాకా పాడె ఎక్కను." చివరి మాటకి తనే నవ్వబోయి దగ్గారు.

సోమవారం డాక్టరుగారికి చెప్పాను, ఇంట్లోవాళ్ళకి పెదనాన్నే చెప్పారు. బుధవారానికి స్కాన్ రాశారు. బుధవారం పొద్దున్న ఫోను వచ్చింది. ఆ చుట్టపాయనకి తెలియనిది ఇదే. అయినా నేను జవాబు చెప్పాల్సిన పని పడలేదు. ఆ రోజు అరుగు మీద ఆయన ఆ మాట అనగానే, జన్మలో ఎవరికీ ఎదురు చెప్పని మా అమ్మ, కొంగు నోట్లోంచి తీసి, "బావగారు పంపితేనే వెళ్ళిందండి. మా అమ్మాయి ఆయన మాట మీదే ఉంది. ఏమీ అనుకోకండి, మీరు అన్నది తప్పండి" అంది. ఇంట్లో అంతమందీ ఒక్కసారి ఏడుపు ఆపారు. నాన్న పెదనాన్న మొహం వంక చూశారు, విన్నావా అన్నయ్యా అన్నట్టు.

స్కానులో మచ్చలు ఎక్కడివక్కడే ఉన్నాయి. తలలో గొట్టం పూడుకుపోయింది, పద్నాలుగేళ్ళ పాతది మరి. నీరు పేరుకుంటోంది. ఇంకాస్త ఆలస్యమైతే చూపుకి దెబ్బే అన్నారు. ఆయన పదకొండోరోజు కార్యక్రమం నాడు నేను ఆసుపత్రిలో కొత్త గొట్టంతో, కొత్త గుండుతో పడుకుని ఉన్నాను. ఆ చుట్టపాయన పళ్ళు పట్టుకుని చూడ్డానికి వచ్చారు. పాపం మంచివారే. కుర్చీ కుడివైపుకి లాక్కుని కూర్చున్నారు, ఎవరు చెప్పారో మరి.

మొన్న కాలువలకి నీళ్ళు వదిలారు. పొద్దున్నే తలకి గుడ్డ చుట్టుకుని, నాన్న సైకిల్ వెనక కూర్చుని లాకులకి వెళ్ళాను. పెదనాన్న పుస్తకం తీసుకెళ్ళాను. పోయే ముందురోజు దాకా, కొత్త లస్కరు ఫోనులో చెప్పిన లెవెల్ ఆయన చెబితే అమ్మ రాసిన గీతలు. ఆ కింద నాన్న చేతిరాత. ఆసుపత్రికీ కార్యక్రమాలకీ మధ్య పరుగులు తీస్తూ కూడా ఆయన రోజూ వెళ్ళి ఎండిన కాలువని చూసి వచ్చారట, ఒక్కరోజు వదలకుండా. నాకు చెప్పనే లేదు. అన్నీ సున్నాలు, నాన్న గుండ్రటి గుమస్తా సున్నాలు.

ఎర్రనీళ్ళు ఎండుటాకుల్నీ నురగనీ నెట్టుకుంటూ వచ్చాయి. నెర్రెలు నిండాయి. పలక కాళ్ళు తడిశాయి. మేం ఇద్దరం గట్టు మీద నిలబడి కదలిక ఆగేదాకా చూశాం. నాన్న, "సుమారు అడుగు ఉంటుందేమో" అన్నారు. నేను ఆయన వంక చూశాను. నాలిక కరుచుకుని, మెట్లు దిగి వంగి చూసి, "అడుగు రెండంగుళాలు" అన్నారు.

రాశాను. తరవాత సంచీలోంచి నా పుస్తకం తీసి, ఇవాళ పొద్దున్న తలనొప్పి గడిలో, కళ్ళు మూసుకుని ఒక్క నిమిషం చూసుకుని, సున్నా రాశాను.